కొవ్వాడ అడిగిన ప్రశ్నలు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతవరకు కరువు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడుకున్నాం. అవి మన తిండికి, మన మందులకు సంబంధించిన సంగతులు. కార్యవర్గం నాకు అప్పగించిన విషయం వేరు. కొత్త అణు విద్యుత్ కేంద్రాలను పర్యావరణ ఉద్యమాలు ఎందుకు వ్యతిరేకిస్తున్నాయో చెప్పమన్నారు. సర్వీసంతా విద్యుత్ శాఖలో గడిపినవాణ్ణి గనుక నన్ను పిలిచారని అనుకుంటున్నాను. ప్రపంచమంతా చుట్టివచ్చే వ్యవధి లేదు. మన శ్రీకాకుళం జిల్లాలోనే రణస్థలం మండలంలో కొవ్వాడ ఉంది. దాన్ని పట్టుకునే నాలుగు మాటలు మనవి చేస్తాను.

అణు విద్యుత్తు కావాలనో వద్దనో తీర్మానం పెట్టడానికి నేను రాలేదు. కొవ్వాడ జనం వేసిన ప్రశ్నలు సరైన ప్రశ్నలనీ, వాటికి రాతపూర్వకంగా, తెలుగులో జవాబు ఇచ్చాకే పునాది తవ్వాలనీ నా అభిప్రాయం. ఆ జవాబులు రాబట్టడంలో మనవంటి వాళ్ళకూ పని ఉంది. అదేమిటో చివర చెబుతాను.

కథ ఎక్కడ మొదలైంది?

2009లో కేంద్ర ప్రభుత్వం విదేశీ సహకారంతో పెద్ద అణు కేంద్రాలు కట్టడానికి సముద్రతీరంలో కొన్ని చోట్లకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. తమిళనాడులో కూడంకుళం, మహారాష్ట్రలో జైతాపూర్, గుజరాత్‌లో మీఠీ విర్దీ, పశ్చిమ బెంగాల్‌లో హరిపూర్, మన కొవ్వాడ అందులో ఉన్నాయి. తరువాత ఏమైందో చూడండి. 2011లో బెంగాల్‌లో కొత్తగా వచ్చిన ప్రభుత్వం హరిపూర్ వద్దన్నది. మీఠీ విర్దీలో 2013లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ నుంచి గ్రామస్తులు లేచి వెళ్ళిపోయారు. అక్కడ పెట్టదలచిన అమెరికా వెస్టింగ్‌హౌస్ కంపెనీ రియాక్టర్లను 2016లో కొవ్వాడకు మార్చారు. అంతకుముందు కొవ్వాడకు అనుకున్నది మరో అమెరికా కంపెనీ నమూనా.

ఇప్పుడు అనుకుంటున్నది ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు. మొత్తం 7,248 మెగావాట్లు. కావలసిన భూమి సుమారు రెండు వేల ఎకరాలు. నమూనా మార్చిన మరుసటి సంవత్సరమే, 2017 మార్చిలో, వెస్టింగ్‌హౌస్ కంపెనీ అమెరికాలో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకు వెళ్ళింది. తరువాత చేతులు మారి నిలదొక్కుకుంది. బేరసారాలు సాగుతూనే వచ్చాయి. 2025 ఆఖరుకు కూడా కొవ్వాడలో రియాక్టరు పని మొదలుకాలేదు.

అడ్డుపడేవాళ్ళు ఎవరు?

"వీళ్ళకు సైన్సు తెలియదు, అభివృద్ధికి అడ్డం" అని తేలికగా అనేస్తూ ఉంటారు. కొంచెం వెనక్కి చూద్దాం. కర్ణాటకలో కైగా కేంద్రాన్ని వ్యతిరేకించినవారిలో ముందు వరసలో నిలిచినవారు జ్ఞానపీఠ్ పురస్కారం పొందిన రచయిత శివరామ కారంత్. కైగా విషయం జనానికి తెలియాలని 1989లో ఆయన లోక్‌సభ ఎన్నికల్లో నిలబడ్డారు. అప్పటికి ఆయన వయస్సు 87 ఏళ్ళు. గెలవలేదు. ఈ సభలో ఉన్న మనలో చాలామంది ఆయన కంటే చిన్నవాళ్ళమే.

కేరళలో భూతత్తాన్‌కెట్టు వద్ద, పెరింగోం వద్ద వచ్చిన ప్రతిపాదనలు ప్రజల వ్యతిరేకత వల్ల నిలిచిపోయాయి. అక్కడ ముందు నడిచినవారిలో సైన్సు పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు ఉన్నారు. కొవ్వాడ విషయంలో ప్రభుత్వానికి లేఖ మీద లేఖ రాసిన ఇ.ఎ.ఎస్. శర్మగారు కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసినవారు. 1993 నుంచి 1996 వరకు అణుశక్తి నియంత్రణ మండలి అధ్యక్షులుగా ఉన్న డాక్టర్ ఎ. గోపాలకృష్ణన్ దిగుమతి రియాక్టర్ల విధానాన్ని బాహాటంగా విమర్శించారు. వీళ్ళకు సైన్సు తెలియదని ఎవరనగలరు?

కూడంకుళం మాట కూడా చెప్పాలి. 1988లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 2002లో పని ఆరంభం. 2011లో జపాన్‌లో ఫుకుషిమా ప్రమాదం జరిగాక అక్కడి మత్స్యకారుల ఆందోళన ఉధృతమైంది. వేలమంది మీద కేసులు పెట్టారు, రాజద్రోహం కేసులతో సహా. 2012 సెప్టెంబరులో ఒక మత్స్యకారుడు పోలీసు కాల్పుల్లో మరణించాడు. 2013 మే 6న సుప్రీంకోర్టు కేంద్రం నడవవచ్చునని తీర్పు చెప్పింది. ఆ తీర్పులోనే భద్రత గురించి పదిహేను ఆదేశాలు ఇచ్చింది. ఆందోళనకారుల మీద పెట్టిన క్రిమినల్ కేసులు ఉపసంహరించడానికి ప్రయత్నించాలని కూడా చెప్పింది. ఆ పదిహేను ఆదేశాలు వచ్చింది ఎవరో అడిగినందువల్లే కదా!

మొదటి ప్రశ్న: మా సముద్రం ఏమవుతుంది?

మత్స్యకారుడు మొదట అడిగేది వేట గురించే. దీనికి జవాబు లెక్కలో ఉంది. అణు కేంద్రమైనా బొగ్గు కేంద్రమైనా ఆవిరితో టర్బైను తిప్పడమే. పుట్టిన వేడిలో మూడో వంతు కరెంటుగా మారుతుంది. మిగిలిన రెండు వంతులు ఎక్కడికో పోవాలి. కొవ్వాడకు అనుకున్న రియాక్టరు ఒక్కొక్కటి 3,400 మెగావాట్ల వేడి పుట్టిస్తుంది. ఆరింటికి 20,400. అందులో కరెంటు తీసేస్తే దాదాపు 13,000 మెగావాట్ల వేడి మిగులుతుంది. సముద్రపు నీటితోనే చల్లబరిచి, ఆ నీరు 7 డిగ్రీలకు మించి వేడెక్కకుండా తిరిగి వదలాలంటే, సుమారు 16 వేల క్యూసెక్కుల నీరు రాత్రింబవళ్ళు లోపలికి వెళ్ళి బయటికి రావాలి. ఇరిగేషన్‌లో పనిచేసిన మిత్రులకు ఆ అంకె ఎంతటిదో నేను చెప్పనక్కరలేదు. లోపలికి లాగే నీటితో పాటు చేపగుడ్లూ, పిల్ల చేపలూ వెళతాయి. బయటికి వచ్చే వేడినీటి దగ్గర కొన్ని జాతులు నిలవవు.

దానికి తోడు కేంద్రం ముందున్న సముద్రంలోకి భద్రతా కారణాలతో పడవలను రానివ్వరు. మన తీరంలో వేట ఇప్పటికే సన్నగిల్లింది. మన కుర్రాళ్ళు గుజరాత్ వెరావల్ పోయి కూలికి మరపడవ లెక్కుతున్నారు. అలా వెళ్ళి 2018 ఆఖరులో పాకిస్తాన్ అధికారులకు చిక్కినవాళ్ళు 2020 జనవరిలో గాని ఇంటి ముఖం చూడలేదు. ఇక ఇల్లు తీసేసి వేరేచోట ఇల్లు కట్టిస్తామంటారు. రైతుకు భూమికి భూమి ఇవ్వవచ్చునేమో. మత్స్యకారుడికి సముద్రానికి బదులు ఏమిస్తారు? అతనికి పట్టా లేదు, అడంగల్ లేదు. పోగొట్టుకున్నది కాగితం మీద ఎక్కడా కనపడదు. రెవెన్యూలో పనిచేసినవారికి ఈ చిక్కు బాగా తెలుసు.

రెండో ప్రశ్న: కరెంటు పోతే?

కరెంటు పుట్టించే కేంద్రానికి కరెంటు పోవడమేమిటని నవ్వకండి. ఫుకుషిమాలో జరిగింది అదే. బొగ్గు పొయ్యి ఆర్పితే చల్లారుతుంది. రియాక్టరు ఆపేసినా లోపలి ఇంధనం రోజుల తరబడి వేడి కక్కుతూనే ఉంటుంది. నీరు తిరుగుతూ ఉండాలి. 2011 మార్చి 11న భూకంపానికి బయటి కరెంటు లైన్లు పోయాయి. సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగిపోయాయి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. లక్షన్నర మందికి పైగా ఇళ్ళు వదిలి వెళ్ళవలసి వచ్చింది.

మన దేశంలోనూ అంచు దాకా వెళ్ళివచ్చాం. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైను హాలు తగలబడింది. కేబుళ్ళు కాలిపోయి దాదాపు పదిహేడు గంటలు కేంద్రం చీకట్లో ఉంది. అక్కడి సిబ్బంది డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో నీరు పంపి ప్రమాదం తప్పించారు. వారికి చేతులెత్తి నమస్కరించాలి. 2004 డిసెంబరు 26 సునామీలో కల్పాక్కం పంపుహౌసులోకి నీరు వచ్చింది. రియాక్టరును క్షేమంగా ఆపగలిగారు.

మరి మన తీరం సంగతి? 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. స్తంభాలు వరసగా నేలకూలి ఊళ్ళకు ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఆ లైన్లు తిరిగి నిలబెట్టిన మన శాఖ వాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. కొత్త నమూనాలో బయటి కరెంటు లేకపోయినా మూడు రోజులపాటు నీరు తనంతట తానే పైనుంచి దిగి చల్లబరిచే ఏర్పాటు ఉంది. అది నిజమైన మెరుగుదలే. ఆ తరువాత నాలుగో రోజున కూలిన చెట్ల మధ్య, తెగిన రోడ్ల మీద సాయం ఎలా చేరుతుంది? కేంద్రం చుట్టూ 16 కిలోమీటర్ల దాకా అత్యవసర ప్రణాళిక ఉండాలని నిబంధన. ఆ పరిధిలో చెన్నై–కలకత్తా జాతీయ రహదారి ఉంది, పైడిభీమవరం ఫ్యాక్టరీలున్నాయి, ఎన్నో ఊళ్ళున్నాయి. ఏ ఊరివాళ్ళు ఏ బస్సెక్కి ఏ బడిలో దిగాలో ముందుగా జనానికి తెలియాలి.

మూడో ప్రశ్న: మిగిలిన బూడిద ఎక్కడ పోస్తారు?

వాడిన ఇంధనాన్ని ఏళ్ళ తరబడి నీటి కొలనులో ఉంచాలి. అందులో ఉండే సీసియం అనే పదార్థం తీవ్రత సగానికి తగ్గడానికి 30 ఏళ్ళు పడుతుంది. ప్లుటోనియానికి 24 వేల ఏళ్ళు. మన దేశంలో వాడిన ఇంధనాన్ని శుద్ధిచేసి తిరిగి ఉపయోగించే విధానం ఉంది. అయినా చివరికి మిగిలే తీవ్రమైన వ్యర్థాన్ని శాశ్వతంగా పూడ్చే లోతైన గని మన దేశంలో ఇంకా లేదు. ఫిన్లాండు ఒక్కటే కొండరాతిలో అలాంటిది తవ్వి సిద్ధం చేసుకుంది. మనం సర్వీసు రిజిస్టర్లనే నలభై ఏళ్ళు చెదలు పట్టకుండా కాపాడలేకపోయాం. వందల తరాలకు కాపలా ఎవరి పద్దు కింద రాస్తారో జనం అడిగితే తప్పేముంది?

నాలుగో ప్రశ్న: ఖర్చెవరిది, నష్టమెవరిది?

కొవ్వాడకు అనుకున్న నమూనాలోనే అమెరికాలోని జార్జియా రాష్ట్రం వోగల్ వద్ద రెండు రియాక్టర్లు కట్టారు. మొదటి అంచనా 1,400 కోట్ల డాలర్లు. పూర్తయ్యేసరికి 3,000 కోట్ల డాలర్లు దాటింది. ఏడేళ్ళు ఆలస్యమై 2023లో ఒకటి, 2024లో ఒకటి నడకకు వచ్చాయి. పక్క రాష్ట్రం దక్షిణ కరోలినాలో అలాంటివే రెండు సగంలో ఉండగా 2017లో వదిలేశారు. అక్కడి వినియోగదారులు ముట్టని కరెంటుకు బిల్లు కడుతున్నారు. చైనాలో అదే నమూనా 2018 నుంచి నడుస్తోంది. కాబట్టి కట్టలేరని నేను అనను. యూనిట్ ఎంత పడుతుందో ఒప్పందానికి ముందే చెప్పమంటాను. 2017లో మన కడప జిల్లా సౌర విద్యుత్తుకే యూనిట్ 3 రూపాయల 15 పైసలకు టెండరు వచ్చింది. సూర్యుడు రాత్రి ఉండడు, నిజమే. నిల్వ ఖర్చు కలిపి, అణు విద్యుత్ ఖర్చు పక్కన పెట్టి, రెండు వరసల పట్టిక వేయమనండి.

నష్టపరిహారం సంగతి ఇంకా కీలకం. భోపాల్ అనుభవం వల్ల 2010 చట్టంలో, ప్రమాదానికి యంత్రం లోపం కారణమైతే సరఫరాదారు నుంచి వసూలు చేసుకునే హక్కు పెట్టారు. విదేశీ కంపెనీలకు అది నచ్చలేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం 1962 అణుశక్తి చట్టాన్నీ, ఈ 2010 చట్టాన్నీ తొలగించి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. సరఫరాదారు మీద ఉన్న ఆ పట్టు సడలింది. కేంద్రం నడిపేవారు కట్టవలసిన పరిహారానికి కొత్త చట్టంలోనూ పరిమితి ఉంది. ఫుకుషిమా కంపెనీ ఇచ్చిన పరిహారం పది లక్షల కోట్ల యెన్‌లు దాటింది. పరిమితి పైన పడే భారం ఎవరిది? ప్రభుత్వానిదంటే మనదే.

రెండో వైపు

న్యాయంగా రెండో పక్షం మాట కూడా చెప్పాలి. బొగ్గు పొగ ప్రతి రోజూ జనం ఊపిరితిత్తులను తినేస్తోంది. వాతావరణం వేడెక్కుతోంది. అణు కేంద్రం నడిచేటప్పుడు పొగ లేదు. కొవ్వాడను కాదంటే ఆ స్థానంలో బొగ్గు కేంద్రం వస్తే మనం గెలిచినట్టు కాదు. బొగ్గు కేంద్రాలంటే ఏమిటో మన జిల్లాకు తెలుసు. సోంపేట బీల కోసం 2010 జులైలో, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో మనవాళ్ళు కాల్పుల్లో ప్రాణాలే పోగొట్టుకున్నారు.

కైగాకే మళ్ళీ వెళదాం. 1994 మే నెలలో కట్టుబడిలో ఉండగా దాని కాంక్రీటు గుమ్మటం లోపలి పొర పెచ్చులూడి పడిపోయింది. ఇంకా ఇంధనం పెట్టలేదు గనుక సరిపోయింది. డిజైను మార్చి మళ్ళీ కట్టారు. అదే కైగాలో ఒక రియాక్టరు 2018 డిసెంబరు 31 వరకు ఆగకుండా 962 రోజులు నడిచి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. గుమ్మటం పడ్డదీ నిజమే, రికార్డూ నిజమే. వ్యతిరేకించేవాళ్ళు మొదటిది మాత్రమే చెబుతారు, కట్టేవాళ్ళు రెండోది మాత్రమే చెబుతారు. జనానికి రెండూ తెలియాలి.

అసలు నష్టం ఇప్పటికే మొదలైంది

ప్రమాదం రేపు జరుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. జరుగుతున్న నష్టం ఒకటి ఉంది. కొవ్వాడ, రామచంద్రపురం, గూడెం, కోటపాలెం జనం పదిహేనేళ్ళకు పైగా ఉంటామో పోతామో తెలియకుండా బతుకుతున్నారు. పోయే ఊళ్ళో ఇల్లు బాగుచేసుకోవడానికి ఎవరికీ చేతులు రావు. భూమి అమ్ముదామంటే కొనేవాడు ఉండడు. పిల్లకు సంబంధం చూడాలన్నా "మీ ఊరు ఉంటుందా?" అని అవతలివాళ్ళు అడుగుతారు. పెన్షన్ ఫైలు ఆరు నెలలు ఆలస్యమైతే మనం ఎంత గోల చేశాం! వీళ్ళ ఊరే ఒక పెండింగ్ ఫైలు. కట్టేదీ లేనిదీ తేల్చి చెప్పడానికి గడువు పెట్టమని అడగడం, అణు విద్యుత్తును సమర్థించేవారికైనా తప్పనిపించదు.

మన పని

చివరగా మన పని. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఇవ్వాలి. అసలు నివేదిక వందల పేజీలు, ఇంగ్లీషులో ఉంటుంది. వేటకు పోయి వచ్చేవాడు అది చదివేదెప్పుడు? మన సంఘంలో రెవెన్యూవాళ్ళున్నారు. భూసేకరణ నోటీసులో ఏ తేదీ దాటితే హక్కు పోతుందో వారికి తెలుసు. ఉపాధ్యాయులున్నారు. నివేదికను తెలుగులో చదివి చెప్పగలరు. ఆరోగ్య శాఖవాళ్ళున్నారు. కేంద్రం రాకముందే ఊళ్ళలో ఎవరికి ఏ జబ్బులున్నాయో రికార్డు చేయించమని అడగగలరు. ఆ రికార్డు లేకపోతే రేపు దేనివల్ల ఏమొచ్చిందో ఎవరూ తేల్చలేరు. విద్యుత్తువాళ్ళం ఉన్నాం. లెక్కలు చూడగలం.

అందుకని ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, పర్యావరణ నివేదిక పూర్తి పాఠం తెలుగులో అచ్చువేసి ప్రతి పంచాయతీ కార్యాలయంలో ఉంచాలని కలెక్టరుగారికి వినతిపత్రం ఇద్దాం. రెండు, తీరంలోని మత్స్యకార కుటుంబాలకు వేట నష్టాన్ని భూమి నష్టంతో సమానంగా లెక్కగట్టాలని అడుగుదాం. మూడు, వారానికి ఒకరోజు వంతులవారీగా ఇద్దరేసి ఆ ఊళ్ళకు వెళ్ళి, వచ్చిన కాగితాలు చదివిపెడదాం, అర్జీలు రాసిపెడదాం. ఏ పార్టీ జెండా పట్టుకోనక్కరలేదు. కళ్ళజోడు, కలం చాలు.

కావాలనేవాళ్ళయినా వద్దనేవాళ్ళయినా ఆ ఊళ్ళకు రావచ్చు. అడిగినవాడికి జవాబు ఇచ్చే ప్రభుత్వం కింద మనం పనిచేశామని మనవలకు చెప్పుకోగలగాలి.